మొదటి బిందె నీళ్లు: ఒక వార్డు తాగునీటి కేస్ స్టడీ

ఆగస్టు రెండో వారం. సోమవారం తీసిన శాంపిల్‌కి బుధవారం సాయంత్రం మా ల్యాబ్ నుంచి రిపోర్టు వెళ్లింది. క్లోరిన్ ఉంది, కోలిఫామ్ బ్యాక్టీరియా లేదు, మడ్డి లేదు, తాగడానికి పనికొస్తుంది. కింద సంతకం నాది. ఆ రిపోర్టులో తప్పు అంకె ఒక్కటి కూడా లేదు. అయినా ఆ నీళ్లు తాగే వీధిలో సోమవారం 11 మందికి ఉన్న విరేచనాలు గురువారం నాటికి 27 మందికి పాకాయి. ఒక మూడేళ్ల పాపకి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు.

ఇది కృష్ణా కాలువ నీళ్లు తాగే ఒక డెల్టా పట్టణం. ఊరి పేరు, ఆఫీసు పేరు రాయడం లేదు. నేను ఇక్కడ చెప్పాలనుకుంటున్నది ఎవరి తప్పు అన్నది కాదు. పరీక్ష సరిగ్గా చేసి కూడా జబ్బుని ఎలా పట్టుకోలేకపోయామో, తర్వాత ఎలా పట్టుకున్నామో చెప్పాలి. నీటి పరీక్షలు చేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి, వార్డుల్లో నీళ్లలో క్లోరిన్ చూసే క్లోరోస్కోప్ పట్టుకుని తిరిగే సిబ్బందికి ఇది ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఊరి నీళ్ల ఏర్పాటు

చాలా డెల్టా పట్టణాల్లో లాగే ఇక్కడా కాలువ పారినన్నాళ్లు నీళ్లు తోడి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు నింపుకుంటారు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే ఆ చెరువే దిక్కు. పటిక వేసి, మడ్డి దింపి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ గ్యాసు కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకులకి ఎక్కిస్తారు. అక్కడి దాకా పని బాగానే జరుగుతోంది, దాని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు.

అసలు సంగతి ట్యాంకు దిగాక మొదలవుతుంది. ఈ వార్డుకి నీళ్లు వదిలేది ఉదయం 5:30 నుంచి ముప్పావు గంట. మిగతా 23 గంటల పైచిలుకు పైపులో ప్రెషర్ ఉండదు. పైపు నిండుగా, ప్రెషర్‌తో ఉన్నంతసేపు చిల్లు ఉన్నా నీళ్లు బయటికే పోతాయి. ప్రెషర్ పోయాక అదే చిల్లులోంచి బయట ఏది ఉంటే అది లోపలికొస్తుంది. మన వీధుల్లో పైపుకి పక్కన ఉండేది సైడు కాలువే. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి మనుషులు చనిపోయాక ఈ మాట రాష్ట్రమంతా మాట్లాడుకున్నారు. తర్వాత మరిచిపోయారు.

సోమవారం శాంపిల్ ఎలా తీశారు

పుస్తకం ప్రకారమే తీశారు. కుళాయి నోరు స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు పోనిచ్చి, స్టెరైల్ సీసాలో పట్టి, ఐస్ బాక్సులో పెట్టి నాలుగు గంటల్లోపు ల్యాబ్‌కి తెచ్చారు. సీసాలో సోడియం థయోసల్ఫేట్ కూడా ఉంది. ఇది చాలామంది పట్టించుకోని విషయం. నీళ్లలో ఉన్న క్లోరిన్‌ని అప్పటికప్పుడు విరిచేయకపోతే, ల్యాబ్‌కి వచ్చేలోపు సీసాలోనే అది బ్యాక్టీరియాని చంపుతూ పోతుంది. కుళాయి దగ్గర చెడ్డ నీళ్లు ల్యాబ్‌లో మంచి నీళ్లయిపోతాయి. ఖాళీ మినరల్ వాటర్ సీసాలో పట్టుకొచ్చిన శాంపిల్‌ని నేను తీసుకోకపోవడానికి ఇదొక కారణం.

ఆ రోజు సిబ్బంది వార్డుకి చేరింది 5:50కి. వీధి మధ్యలో ఒక ఇల్లు చూసుకుని శాంపిల్ పట్టేసరికి 6:05 అయింది. అంటే నీళ్లు వదిలి 35 నిమిషాలు గడిచాక. అప్పుడు ఈ 35 నిమిషాల సంగతి ఎవరూ ఫారంలో రాయలేదు, నేనూ అడగలేదు. ఫారంలో 'తేదీ' అని ఉంది, 'టైము' అని ఉంది. నీళ్లు వదిలిన ఎన్ని నిమిషాలకి అన్న గడి లేదు.

గురువారం: ఏఎన్ఎం చేతిలోని కాగితం

గురువారం మధ్యాహ్నం అర్బన్ హెల్త్ సెంటర్ ఏఎన్ఎం ఫోన్ చేసి, "మేడం, మీ రిపోర్టు బాగుందన్నారు గానీ కేసులు ఆగట్లేదు. ఒకసారి మీరే రండి" అంది. నేను వెళ్లేసరికి ఆవిడ ఒక పని చేసి పెట్టింది. నోటు పుస్తకంలో కాగితం చింపి వీధి గీసి, జబ్బు పడ్డ ఇళ్లకి ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టింది. ఎవరూ చెప్పకుండా చేసిన పని అది. ఈ కేసులో అందరికంటే ముందు దారి చూపించింది ఆ కాగితమే.

వీధి ఒక కల్వర్టు దాటి లోపలికి వెళ్తుంది. కల్వర్టుకి ఇవతల 30 ఇళ్లలో ఎర్ర గుర్తులు రెండే. అవతల 40 ఇళ్లలో మిగతావన్నీ. అందరూ తాగేది ఒకే ట్యాంకు నీళ్లు, ఒకే లైను.

అవతలి వైపు నేల పల్లంగా ఉంటుంది. అక్కడ ఎక్కువ ఇళ్లలో గుంట కుళాయిలు. ప్రెషర్ చాలక కుళాయి పైకి ఎక్కదు కాబట్టి, రెండడుగుల గుంట తవ్వి పైపుని అందులో కోసి బిందె దింపి పట్టుకుంటారు. వాన పడితే గుంట నిండుతుంది. చాలా కుళాయిలకి తలకాయే ఉండదు, గుడ్డ చుట్టి వదిలేస్తారు. చివరి ఇంట్లో ఉన్న మామ్మగారిని అడిగాను, నీళ్లు ఎలా ఉంటున్నాయని. "మొదటి బిందె నురగ నురగగా, ఒక రకమైన వాసన వస్తదమ్మా. అది నేను మొక్కలకి పోసేస్తా. రెండోది కూడా కొంచెం వాసనే. తర్వాత బాగుంటయ్" అన్నారు. ఆ ఇంట్లో ఎవరికీ జబ్బు రాలేదు. పక్కింట్లో ఇద్దరు పిల్లలకి వచ్చింది. ఆ ఇంటివాళ్లు పనికి పోవాలి కాబట్టి తొందరగా మొదటి రెండు బిందెలు పట్టుకుని వెళ్లిపోతారు.

నాకు అక్కడే గుండె జారింది. మేం 35 నిమిషాలు ఆగి పట్టిన నీళ్లు, ఈ జనం తాగిన నీళ్లు ఒకటి కావు.

ఒక చిన్న లెక్క వేసి చూశాను. కల్వర్టు నుంచి వీధి చివరి దాకా సుమారు 200 మీటర్లు, పైపు 80 ఎంఎం. అందులో పట్టేది దాదాపు 1000 లీటర్లు. బిందెకి 15 లీటర్లు వేసుకుంటే 65 బిందెల చిల్లర. 40 ఇళ్లకి పంచితే ఇంటికి ఒకటిన్నర బిందె. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లలో మురుగు కలిస్తే, అది మొదటి ఒకటీ రెండు బిందెల్లోనే బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత వచ్చేది ట్యాంకు నీళ్లు, శుభ్రమైన నీళ్లు. పుస్తకం మమ్మల్ని పారబొయ్యమన్నది సరిగ్గా ఆ మొదటి నీళ్లనే.

కర్ణాటకలో హుబ్బళ్లి-ధార్వాడలో రోజంతా నీళ్లొచ్చే వార్డుల్ని, అప్పుడప్పుడూ వచ్చే వార్డుల్ని పక్కపక్కన పెట్టి చేసిన పరిశోధనలో కూడా ఇదే కనిపించింది. విడిచి విడిచి ఇచ్చే నీళ్లలో కాలుష్యం ఎక్కువ, అదీ నీళ్లు వదిలిన మొదట్లో ఎక్కువ. నేను అది చదివాను. చదివి కూడా మా శాంపిల్ పద్ధతి మార్చుకోలేదు.

శుక్రవారం తెల్లవారుజాము

ఐదింటికే వీధిలో ఉన్నాం. నేను, ల్యాబ్ అసిస్టెంటు, వార్డు సచివాలయం ఎమినిటీస్ సెక్రటరీ, ముప్పై ఏళ్లుగా ఆ వాల్వులు తిప్పుతున్న బాబాయ్. ఆయన్ని ఊరంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఏ పైపు ఎక్కడ పోతుందో కాగితం మీద ఉన్నదానికంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

మామ్మగారి గుంట కుళాయిలో నీళ్లు 5:36కి వచ్చాయి. ఒక్క చుక్క పారబొయ్యకుండా మొదలుపెట్టాం.

మొదటి బిందె: మడ్డి 14 ఎన్టీయూ. కండక్టివిటీ 840. అమ్మోనియా 1.1. ఫ్రీ క్లోరిన్ సున్నా, టోటల్ క్లోరిన్ 0.3.

5 నిమిషాలకి: మడ్డి 4. కండక్టివిటీ 690. అమ్మోనియా 0.4. ఫ్రీ క్లోరిన్ ఉందా లేదా అన్నట్టు, టోటల్ 0.4.

15 నిమిషాలకి: మడ్డి 1.2. కండక్టివిటీ 625. అమ్మోనియా లేదు. ఫ్రీ క్లోరిన్ 0.4, టోటల్ 0.5.

అదే సమయంలో ట్యాంకు దిగువన: మడ్డి 0.8. కండక్టివిటీ 615. ఫ్రీ క్లోరిన్ 0.7.

ఎన్టీయూ అంటే మడ్డిని కొలిచే యూనిట్. క్లోరిన్, అమ్మోనియా లీటరుకి మిల్లీగ్రాముల్లో, కండక్టివిటీ (నీళ్లలో కరిగిన ఉప్పుల్ని బట్టి కరెంటు పారే తీరు) మైక్రోసీమెన్స్‌లో. ఫ్రీ క్లోరిన్ అంటే దేనితోనూ కలవకుండా క్రిముల్ని చంపడానికి మిగిలి ఉన్నది, టోటల్ అంటే అమ్మోనియా లాంటివాటితో కలిసిపోయినది కూడా కలిపి. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్రీ క్లోరిన్ కనీసం 0.2 ఉండాలి, అమ్మోనియా 0.5 దాటకూడదు, మడ్డి 1 లోపు మంచిది, వేరే దారి లేకపోతే 5 దాకా ఒప్పుకుంటారు. మలంతో వచ్చే ఇ. కోలై బ్యాక్టీరియా మాత్రం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

పావుగంటలో అవే కుళాయి నీళ్లు ఇంత మారిపోయాయి.

పసుపు రంగు చేసిన మోసం

సెక్రటరీ చాలా నిజాయితీగా పనిచేసే కుర్రాడు. అతని రిజిస్టర్ చూశాను. అతను కొన్ని రోజులు నీళ్లు రాగానే కూడా చూశాడు. అయినా రోజూ 0.5, 0.5, 0.5. ఇలా అన్ని రోజులూ ఒకే అంకె కనిపిస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. కెనడాలో వాకర్టన్ అనే ఊళ్లో 2000 మేలో నీళ్ల వల్ల 7 మంది చనిపోయి, దాదాపు 2300 మంది జబ్బు పడ్డారు. అక్కడి రిజిస్టర్లలో క్లోరిన్ అంకెలు కొలవకుండానే రాసినవని తర్వాత విచారణలో తేలింది. ఇక్కడ అలా జరగలేదు. ఇతను కొలిచాడు, పసుపు రంగు చూశాడు, చూసిందే రాశాడు.

"ఎలా చూస్తావో నా ముందు చెయ్యి బాబూ" అన్నాను. క్లోరోస్కోప్‌లో నీళ్లు పట్టి, ఓటీ (ఆర్థోటాలిడిన్, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తెచ్చే మందు) చుక్కలు వేసి, మూత పెట్టి, పక్కింటి కుళాయి దగ్గరికి వెళ్లి ఇంకో మాట మాట్లాడి వచ్చి చూశాడు. నాలుగైదు నిమిషాలు. పసుపు ఉంది.

ఓటీకి ఒక గుణం ఉంది. ఫ్రీ క్లోరిన్‌తో రంగు వెంటనే వస్తుంది. అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌తో, అంటే క్లోరమీన్‌తో, మెల్లగా కొన్ని నిమిషాల మీద వస్తుంది. రెండు పసుపుల్లో తేడా ఏమీ ఉండదు. మురుగులో అమ్మోనియా పుష్కలంగా ఉంటుంది. అది పైపులోకి రాగానే ఉన్న ఫ్రీ క్లోరిన్‌ని పట్టేసి క్లోరమీన్‌గా మార్చేస్తుంది. క్లోరమీన్ చంపే శక్తి చాలా తక్కువ, చాలా ఆలస్యం. అంటే అతను చూసిన పసుపు రక్షణకి గుర్తు కాదు, మురుగు కలిసిందనడానికి గుర్తు.

అదే నీళ్లతో మళ్లీ చేసి చూపించాను. ఓటీ చుక్క వేసిన వెంటనే చూస్తే రంగు లేదు. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తెచ్చే డీపీడీ అనే మందు ఉంటుంది, దాని ఒకటో నంబరు బిళ్ల వేస్తే గులాబీ రంగు రాలేదు. దానికే మూడో నంబరు బిళ్ల కలిపితే గులాబీ వచ్చింది. ఒకటో బిళ్లతో తెలిసేది ఫ్రీ, మూడోది కలిపాక తెలిసేది టోటల్. రెండిటి మధ్య పెద్ద తేడా ఉంటే ఆ నీళ్లలోకి ఏదో వచ్చిందనే అర్థం. ఆ కుర్రాడి ముఖం వాడిపోయింది. "నాకెవరూ చెప్పలేదు మేడం" అన్నాడు. నిజమే. ట్రైనింగ్‌లో చుక్కలు ఎన్ని వెయ్యాలో చెప్తాం, ఎన్ని సెకన్లలో చూడాలో చెప్పం. ఆ ట్రైనింగ్ ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

నీళ్లు ఆపాలా వద్దా

ఏడు గంటలకి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఫోన్ చేశాను. ఈ లైను మూసెయ్యాలి, ట్యాంకర్లు పంపాలి, పట్టినవి మరగబెట్టి తాగమని మైకులో చెప్పించాలి అన్నాను. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే: "మొన్ననే బాగున్నాయని రిపోర్టు ఇచ్చారు. బ్యాక్టీరియా రిపోర్టు రాకుండా ఇప్పుడు ఎలా ఆపుతాం మేడం? జనానికి ఏం చెప్తాం?"

బ్యాక్టీరియా పరీక్షకి సమయం పడుతుంది. ట్యూబుల్లో బ్యాక్టీరియా పెరిగి గ్యాస్ రావడానికి 24 నుంచి 48 గంటలు, అందులో పాజిటివ్ వచ్చినవి మళ్లీ 44.5 డిగ్రీల దగ్గర ఇంకో 24 గంటలు. మల బ్యాక్టీరియా ఉంటే నల్లబడే హెచ్2ఎస్ పరీక్ష సీసాకైనా ఒక రోజు కావాలి. ఆ రిపోర్టు వచ్చేసరికి జనం ఆ నీళ్లు తాగి రెండు మూడు రోజులైపోతుంది. అందుకే నేను దాన్ని నిర్ణయానికి వాడను, నిర్ధారణకి వాడతాను. నిర్ణయానికి పది నిమిషాల్లో తెలిసేవి చాలు: ట్యాంకు దగ్గర ఉన్న ఫ్రీ క్లోరిన్ ఇక్కడ లేదు, ట్యాంకు నీళ్లలో లేని అమ్మోనియా ఇక్కడ ఉంది, కండక్టివిటీ పెరిగింది, పక్కనే జబ్బుపడ్డ మనుషులున్నారు. ఈ నాలుగూ ఒకేచోట కలిశాక ఇంకేం కావాలి?

మొన్నటి రిపోర్టు మీద "ఈ శాంపిల్ నీళ్లు వదిలిన 35 నిమిషాలకి తీసింది, మొదటి నీళ్లకి వర్తించదు" అని రాసి సంతకం చేసి పంపుతానని చెప్పాను. ఏఈ గారు పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసి సరే అన్నారు. తొమ్మిదింటికల్లా మొదటి ట్యాంకర్ వచ్చింది. ఆయన ఆ రోజు రిపోర్టు కోసం కూర్చుని ఉంటే ఆదివారం దాకా అవే నీళ్లు వెళ్లేవి.

చిల్లు ఎక్కడ

పరికరాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కండక్టివిటీ మీటర్. జేబులో పడుతుంది, రీజెంట్ అక్కర్లేదు, సెకన్లలో చెప్తుంది. అది నీళ్లు మంచివో చెడ్డవో చెప్పదు. ఈ నీళ్లు ఆ నీళ్లు ఒకటేనా కాదా అన్నది మాత్రం చెప్తుంది. కాలువ నీళ్లకి, మురుగుకి ఉప్పులో తేడా ఉంటుంది కాబట్టి మనకి అదే చాలు.

శుక్రవారం ఉదయమే వీధి పొడుగునా ఎనిమిది ఇళ్లలో మొదటి నీళ్లు గ్లాసుల్లో పట్టించి పెట్టుకున్నాం. కల్వర్టుకి ఇవతల నాలుగు గ్లాసులూ 615 నుంచి 630 మధ్య. కల్వర్టు దాటిన మొదటి గ్లాసు 810. అంటే వెతకాల్సింది వీధంతా కాదు, ఆ రెండు ఇళ్ల మధ్య ఇరవై అడుగులు.

బాబాయ్ కాసేపు కల్వర్టు దగ్గర నిలబడి ఆలోచించి, "ఇక్కడ పాత పెంకుటిల్లు ఉండేది. పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. ఆ ఇంటి కనెక్షన్ ఏమైందో" అన్నారు. తవ్వించాం. కల్వర్టు కింద సైడు కాలువ మురుగులో మునిగి అరంగుళం జీఐ పైపు ముక్క కనిపించింది. మెయిన్ దగ్గర కనెక్షన్ తియ్యకుండా, పైపు కోసి చివర కర్ర బిరడా కొట్టి వదిలేశారు. బిరడా కుళ్లి సగం ఊడింది. నీళ్లు వదిలినప్పుడు అందులోంచి మంచినీళ్లు కాలువలోకి పోతున్నాయి. మురుగులో కలిసే నీళ్లు ఎవరికి కనిపిస్తాయి? నీళ్లు ఆపేశాక కాలువ మురుగు అందులోంచి పల్లంలో ఉన్న పైపులోకి దిగుతోంది. దీనికి తోడు అవతల రెండు ఇళ్లవాళ్లు లైనుకే మోటార్లు బిగించి, నీళ్లు రాకముందే వేసేస్తున్నారు. మోటారు గుంజితే పైపులో ఉన్న కాస్త ప్రెషర్ కూడా పోయి, మురుగు ఇంకా వేగంగా లోపలికొస్తుంది.

ఆదివారం ట్యూబులు కూడా అదే చెప్పాయి. మల కోలిఫామ్ మొదటి బిందెలో 100 మి.లీ.కి 1600 పైన, అంటే ఆ పరీక్షలో చూపించగలిగే గరిష్ఠం దాటేసింది. 5 నిమిషాల నీళ్లలో 130. 15 నిమిషాల నీళ్లలో, ట్యాంకు నీళ్లలో ఒక్క ట్యూబులోనూ గ్యాస్ రాలేదు, అంటే ఆ బ్యాక్టీరియా కనిపించలేదు.

చేసిన పనులు

పాత కనెక్షన్‌ని మెయిన్ దగ్గరే తీసి శాశ్వతంగా మూయించారు. కాలువలోంచి వెళ్తున్న ఇంకో తొమ్మిది ఇళ్ల జీఐ పైపులు తీసి, కాలువ మట్టానికి పైనుంచి కొత్త ప్లాస్టిక్ పైపులు వేశారు. తర్వాత లైను కడిగి, బ్లీచింగ్ నీళ్లు నింపి రాత్రంతా ఉంచాం. 1000 లీటర్ల పైపులో 50 మిల్లీగ్రాముల మోతాదు రావాలంటే 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 200 గ్రాములు చాలు. కాకపోతే మూత తీసి పెట్టిన బస్తాలో ఆ 25 శాతం ఉండదు. వాడబోయే ముందు ల్యాబ్‌లో చూడాల్సిందే, మేం చూశాకే కలిపాం. ఇళ్లలో సంపులు కూడా కడిగించాం. ఇది మరిచిపోతే లైను బాగుపడ్డాక కూడా వారం పాటు కేసులు వస్తూనే ఉంటాయి.

ట్యాంకర్లు వచ్చిన ఐదో రోజు నుంచి కొత్త కేసులు లేవు. సెలైన్ ఎక్కిన పాప రెండో రోజే ఇంటికి వచ్చేసింది. వరసగా రెండు రోజులు మొదటి బిందె శాంపిల్ బాగున్నాకే మళ్లీ లైను వదలమన్నాం.

మోటార్ల విషయం తేలలేదు. ఒకరు తీసేశారు. రెండో ఆయన తీశారు గానీ, మళ్లీ బిగించారని విన్నాను. గుంట కుళాయిలు సగమే పూడ్చారు. ప్రెషర్ పెంచకుండా గుంట పూడ్చమంటే ఆ ఇల్లాలు నీళ్లు ఎలా పట్టుకోవాలి? ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అది ల్యాబ్ వల్ల అయ్యేది కాదు, వార్డుకి పెద్ద పైపు పడితేనే అవుతుంది.

మా ల్యాబ్‌లో మాత్రం ఫారం మార్చాం. 'నీళ్లు వదిలిన ఎన్ని నిమిషాలకి' అన్న గడి చేర్చాం. అది నింపని శాంపిల్ తీసుకోం. జబ్బులున్న చోట ఒక కుళాయి నుంచి రెండు సీసాలు: ఒకటి మొదటి చుక్క నుంచి, ఒకటి పావుగంట తర్వాత. మొదటి సీసాతో పైపు సంగతి తెలుస్తుంది, రెండో సీసాతో ట్యాంకు సంగతి తెలుస్తుంది. వార్డు సిబ్బందికి ఓటీ బదులు డీపీడీ కిట్లు అడిగాం, సగం మందికి వచ్చాయి. మిగతావాళ్లకి ఓటీతోనే, పది సెకన్లలోపు చూసి రాయడం నేర్పాం. ఆ సెక్రటరీ కుర్రాడి రిజిస్టర్లో ఇప్పుడు 0.3, 0.5, 0.2, 0.4 అని అంకెలు పైకీ కిందకీ ఆడుతున్నాయి. చూస్తే ప్రాణం కుదుటపడుతుంది.

నవంబరులో ఇంకోసారి ఆ వీధికి వెళ్లాం. మామ్మగారి కుళాయిలో మొదటి బిందె: మడ్డి 1.5, ఫ్రీ క్లోరిన్ 0.3, అమ్మోనియా లేదు. ఇప్పుడు బాగున్నాయని చెప్పాను. ఆవిడ విని, ఆ బిందె తీసుకెళ్లి ఎప్పటిలాగే మందారం మొదట్లో పోశారు. నీళ్లు ఇంకా రోజుకి ముప్పావు గంటే వస్తున్నాయి. అందుకే నేను వద్దనలేదు.